కంపెనీవాడే వేసిచ్చిన లినక్స్

జూన్ 2, సోమవారం
ఉదయం 6.10

నిర్ణయం అయిపోయింది. ఇక వెనక్కి తగ్గేది లేదు!

పదహారో తేదీన అమ్మాయికి కాలేజీ మొదలు. కంప్యూటర్ల చదువు. లాప్‌టాప్ కావాలంది. కొంటాను. కానీ దాన్ని నడిపే సిస్టం లినక్స్ అయి ఉండాలి. నేను వేసింది పనికిరాదు. దుకాణంవాడు వేసింది అసలే పనికిరాదు. తయారుచేసిన కంపెనీవాడే వేసి, అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, అట్టపెట్టెకి సీలు వేసి పంపిన లినక్స్ కావాలి.

నేను వేసిన ముచ్చట ఇంట్లో అందరికీ తెలుసు. పాత డెస్క్‌టాప్ మీద మూడుసార్లు వేశాను. మొదటిసారి సౌండు రాలేదు. రెండోసారి సౌండు వచ్చి ఇంటర్నెట్ పోయింది. మూడోసారి రెండూ వచ్చాయి, స్క్రీను తలకిందులైంది. బావమరిది వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. అదే కంపెనీవాడు వేసిస్తే, సౌండు రాకపోతే వాడినే నిలదీయొచ్చు. ఇంత చిన్న విషయం లోకానికి ఎందుకు తట్టదు? బుర్ర వాడరు కాబట్టి.

నియమాలు:
1. అందరూ వాడే ఆ రెండో సిస్టం పేరు ఈ డైరీలో రాయను. 'ఆ కిటికీ' అంటే చాలు. అది మన గడప తొక్కకూడదు.
2. దొంగ కాపీలు నిషేధం.
3. ఎవరు నవ్వినా సరే.

మా ఆవిడది మందుల షాపులో ఉద్యోగం. గడువు తేదీ చూడకుండా మంచినీళ్ళు కూడా తాగదు. నియమాలు చదివి, మందు సీసాల మీద అంటించే చీటీ ఒకటి తీసి, దాని మీద ఏదో రాసి ఫ్రిజ్‌కి అంటించింది. వెళ్ళి చూశాను. 'శపథం. తయారీ: జూన్ 2. గడువు: జూన్ 30.'

"ఏమిటిది?"

"పొద్దున్నే నడక పదకొండు రోజులు నిలిచింది కదండీ. దీనికి ఎక్కువే ఇచ్చాను."

జూలై ఒకటిన ఆ చీటీని ఆవిడ చేతే చింపిస్తాను.

జూన్ 3, మంగళవారం
సాయంత్రం 5.00 నుంచి 7.40 వరకు: దుకాణాలు

మొదటి దుకాణం. టై కట్టుకున్న సేల్స్‌మన్. "లినక్సా? ఆ కంపెనీది మా దగ్గర రాదు సార్. ఇంకో కంపెనీ చూపించనా?" నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

రెండో దుకాణం. "అమ్మాయికా సార్? అయితే గులాబీ రంగుది చూడండి." నేను అడిగింది లోపలి సంగతి. వాడు చెప్పింది పైన రంగు.

మూడో దుకాణం. ఉంది! పెట్టె మీద అచ్చులో ఉంది, లినక్స్ అని. గుండె ఆగినంత పనైంది.

"ఇది తీసుకోండి సార్, తక్కువలో వస్తుంది. లినక్స్ ఉందని బెంగ పెట్టుకోకండి. పది నిమిషాల్లో పీకేసి ఇస్తాం."

"పీకొద్దయ్యా. నాకు అదే కావాలి."

జ్వరం ఏమైనా ఉందేమో అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. "అది ఉత్తినే వేసిస్తారు సార్. ఉంచుకోడానికి కాదు."

సరే, ఇవ్వు అన్నాను. ఇవ్వడానికి లేదట. ఎనిమిది వచ్చాయట, ఎనిమిదింటికీ పీకేశారట. నాకు చూపించింది ఖాళీ పెట్టె.

నాలుగో దుకాణంవాడు షట్టరు దించుతున్నాడు. నన్ను చూసి ఇంకాస్త తొందరగా దించాడు.

జూన్ 4, బుధవారం

కంపెనీ వెబ్‌సైట్‌లోకి వెళ్ళాను. మధ్యలో ఈ దుకాణాల గోల ఎందుకు? మొత్తం నలభై ఆరు మోడళ్ళు. లినక్స్ అన్నచోట టిక్కు పెట్టాను. నలభై ఆరు కాస్తా రెండయ్యాయి. ఒకటి బీరువా అంత సర్వరు. రెండోది లాప్‌టాప్, దాని కింద ఎర్రక్షరాల్లో 'స్టాకు లేదు'.

ఫోన్ చేశాను. ఆ కిటికీ వాళ్ళయితే ఒకటి నొక్కాలట. 'ఇతరములు' అయితే లైన్లో ఉండాలట. ఇతరములు! ఇరవై అయిదు నిమిషాలు ఇతరములుగా సంగీతం విన్నాను. చివరికి ఒకావిడ వచ్చి, స్టాకు డీలర్ల దగ్గర ఉండొచ్చు, మీ ఊళ్ళో డీలరును అడగండి అంది.

మా ఊళ్ళో డీలరు ఎవరు? మా బావమరిది. హతవిధీ!

జూన్ 7, శనివారం

బావమరిదికి ఈ డైరీలో 'పర్లేదు' అని పేరు పెడుతున్నాను. ఆ మాట అనకుండా వాడు ఊపిరి కూడా పీల్చడు. ప్రింటరు కాలిపోయినా పర్లేదు, కీబోర్డులో టీ ఒలికినా పర్లేదు.

"లినక్స్‌దా? తెప్పిస్తా బావా. అయినా ఎందుకు నీకీ పంతం? అందరం అదేగా వాడేది."

"అందరూ వాడేది దొంగ కాపీ."

"మరి ప్రెస్సులో నువ్వు రోజూ వాడేదో?"

ఇదీ వాడి తెలివి! నేను ప్రెస్సులో కంపోజింగు చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. ఇరవై రెండేళ్ళుగా. అక్కడ స్క్రీను మూల 'ఇది అసలు కాపీ కాదు' అని ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అది ఓనరు పాపం. నాకేం సంబంధం? ప్రెస్సు వేరు, ఇల్లు వేరు.

సీలు విప్పొద్దని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తలూపాడు.

జూన్ 12, గురువారం
సాయంత్రం 6.00

వచ్చింది!

6.04. సీలు లేదు. పెట్టెకి ప్లాస్టర్ టేపు వేసి ఉంది.

6.06. ఆన్ చేశాను. ఆ కిటికీ! నీలంగా, నవ్వుతూ!

6.07. పర్లేదుగాడికి ఫోన్.

"సర్‌ప్రైజ్ బావా! నా చేత్తో వేశాను. నీ దగ్గర డబ్బులు తీసుకోనులే, మన పిల్లకేగా."

"నేను అడిగిందేమిట్రా?"

"నువ్వు అడుగుతావ్, తర్వాత మళ్ళీ నన్నే పిలుస్తావ్. ఆ పని ముందే చేసి పెట్టా. పర్లేదు."

ఆ తర్వాత నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మా ఆవిడ వచ్చి ఫోన్ లాక్కుని "తమ్ముడూ, ఇది తీసుకుపోయి ఇంకోటి తేరా, లేకపోతే ఈయన ఈ రాత్రికి అన్నం తినరు" అంది. తిన్నాను. కానీ కోపంగా తిన్నాను.

ఇంకొకరు కష్టపడి వేసినదాన్ని ఒక్కసారి తెరిచైనా చూడకుండా తుడిచేసేవాణ్ణి ఏమనాలి? వాడికి చెయ్యి ఎలా వచ్చింది?

జూన్ 17, మంగళవారం

రెండో పెట్టె. సీలు ఉంది. సీలు మీద కంపెనీ బొమ్మ ఉంది. అమ్మాయి, మా ఆవిడ, నేను, ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. కత్తెర నేనే పట్టుకున్నాను.

సౌండు: వచ్చింది.
ఇంటర్నెట్: వచ్చింది.
కెమెరా: వచ్చింది, నా బట్టతలతో సహా.
స్క్రీను: నిటారుగానే ఉంది!
మూత మూస్తే నిద్రపోయింది, తీస్తే లేచింది.

నేను ఒక్క ముక్క కూడా వేయలేదు. కంపెనీవాడే వేశాడు! ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి చీటీ వైపు జాలిగా చూశాను.

అమ్మాయి కుర్చీలో మఠం వేసుకుని కూర్చుని అరగంటలో అన్నీ సర్దేసుకుంది. "బాగుంది నాన్నా" అంది. ఆ ఒక్క మాట కోసమే పదిహేను రోజులు తిరిగాను.

కాలేజీలో అప్పుడే మొదటి ప్రాజెక్టు ఇచ్చారట. జూలై 4న అప్పగించాలి. బాగా చేసిన పదిమందినే పై బ్యాచ్‌లో వేస్తారట. ఏం చేస్తున్నావంటే చెప్పదు. నవ్వుతుంది.

జూన్ 18, బుధవారం

అమ్మాయి కాలేజీ నుంచి వచ్చేలోపు గంటసేపు నేను కూర్చున్నాను. మహా సుఖంగా ఉంది. ఫైలు దాచాను. ఎక్కడ దాచానో తెలియలేదు. ఇంకో ఫైలు దాచాను. అదీ దొరకలేదు. అలవాటైపోతుంది. సిస్టం తప్పు కాదు. కుర్చీ ఎత్తు కాస్త తక్కువ.

జూన్ 19, గురువారం

ప్రెస్సుకి పెద్ద పని వచ్చింది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి ఆత్మకథ, 412 పేజీలు. జూలై 12న ఆవిష్కరణ. మాస్టారు చేతికర్ర ఊపుతూ వచ్చి "అయ్యా, మరో ముద్రణ చూస్తానని నాకు నమ్మకం లేదు. తప్పుల్లేకుండా రావాలి" అన్నారు. రోజూ ఇంటికి కొంచెం తెచ్చుకుని దిద్దుదామనుకున్నాను.

ఇంట్లో తెరిచాను. ఒక్క అక్షరం లేదు! డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. మాస్టారి బాల్యమంతా ఇలాగే ఉంది.

మా ప్రెస్సులోవన్నీ పాత ఫాంట్లు. పాత ఫాంటంటే ఇంగ్లీషు అక్షరాలకు మన అక్షరాల ముసుగు వేయడం. ఆ ముసుగు, పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు, రెండూ ఆ కిటికీలోనే ఉంటాయి. ఇక్కడ ముసుగు జారిపోయింది. ఇరవై రెండేళ్ళ నా పని విప్పి చూస్తే ఇంగ్లీషు చెత్త!

అమ్మాయి నా భుజం మీంచి చాలాసేపు చూసింది.

"నాన్నా, ఏ కీ కొడితే ఏ అక్షరం వస్తుందో గుర్తుందా నీకు?"

"నిద్రలో లేపి అడిగినా చెప్తా."

"అయితే అన్నీ రాసివ్వు. ఒత్తులు, గుణింతాలు, మొత్తం."

"ఎందుకు?"

"క్లాసుకి."

ఏం కాలేజీలో ఏమిటో! పనికొచ్చేది చెప్పరు, పాత చెత్త రాసుకురమ్మంటారు.

జూన్ 22, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల వేళ మూడు రోజులు కూర్చుని రాశాను. పనికిరాని ప్రూఫు కాగితాల వెనకవైపు, పదకొండు కాగితాలు, 214 వరుసలు. అమ్మాయి రెండు చేతులతో అందుకుంది. ఇంత చెత్తకి అంత మర్యాద దేనికో.

ఇంట్లో మాస్టారి పుస్తకం ఒక్క పేజీ కూడా కదల్లేదు. కారణాలు:
1. ఎండ.
2. కుర్చీ.
3. లినక్స్ అంటే గౌరవం. దాని మీద పాత ఫాంట్ల మురికి ఎందుకని.

జూన్ 25, బుధవారం

ఓనరు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏమయ్యా, ఇంకా నూట పదో పేజీలోనే ఉన్నావా? ఇంటి దగ్గర చేస్తానన్నావు కదా? లాప్‌టాప్ కొన్నానని ప్రెస్సంతా చాటావు. అది దేనికి, ఫోటో తీసి గోడకి తగిలించడానికా?"

చుట్టూ అందరూ విన్నారు. బైండరు పుస్తకాలు కుట్టడం ఆపి మరీ నవ్వాడు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. నియమం అంటే ఏమిటి? దాని ఉద్దేశం ముఖ్యమా, మాట ముఖ్యమా? ఉద్దేశం అమ్మాయికి మంచి మెషీను ఇవ్వడం. ఇచ్చాను. ఒక్క ఆదివారం, ఒక్క పుస్తకం కోసం, ఒక మూలన ఆ కిటికీని కూర్చోబెడితే ఉద్దేశానికి వచ్చే నష్టమేమిటి?

ఆలోచిస్తున్నానంతే. రాసుకుంటే తప్పు లేదు.

జూన్ 28, శనివారం

ఉదయం 9.30. ఇవాళ ప్రెస్సుకి సెలవు పెట్టాను. అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్ళింది, రేపు సాయంత్రం దాకా రాదు. వెళ్తూ వెళ్తూ "లాప్‌టాప్ ఛార్జింగులో పెట్టాను నాన్నా. ఏం చెయ్యకు దాన్ని" అంది. నేనేం చేస్తాను?

10.15. పర్లేదుగాడికి ఫోన్ చేశాను. వాడు నవ్వలేదు. నవ్వకపోవడమే పెద్ద అవమానం.

11.00. వచ్చాడు. "రెండూ పక్కపక్కనే ఉంటాయి బావా. ఇటు నీ లినక్సు, అటు ఇది. దేని దారి దానిది. పర్లేదు."

11.20. "ఇందులో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా బావా?" అని అడిగాడు. అడిగాడు! వాణ్ణి ఎన్నైనా అనొచ్చు కానీ ఆ ప్రశ్న మాత్రం అడిగాడు. నేనేమన్నాను? "పదకొండు రోజుల మెషీన్లో ఏముంటాయిరా? పాఠాలుంటాయి."

11.40. వాడికి ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్ళాడు. స్క్రీను ఏదో అడిగింది. ఇంగ్లీషులో మూడు వరుసలు, కింద రెండు బటన్లు. తొందర. నొక్కాను.

12.30. వాడు తిరిగి వచ్చి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం నొక్కావ్ బావా?"

"అడిగింది, సరే అన్నాను."

"మొత్తం తుడిచెయ్యమంటావా అని అడిగిందది."

లినక్స్ లేదు. దాని పక్కన పెట్టాల్సిన ఆ కిటికీ ఒక్కటే గదంతా ఆక్రమించింది. వాడు నా భుజం మీద చెయ్యి వేసి "పర్లేదు బావా" అన్నాడు, మొదటిసారి చాలా మెల్లిగా.

2.00 నుంచి 6.00 వరకు. సిగ్గు లేకుండా పని బాగా సాగింది. అరవై పేజీలు దిద్దాను. 'అనుమతి'లో ఒక చోట 'ను' బదులు 'ని' పడితే పట్టుకున్నాను. ఎంత చురుకైన కళ్ళు!

జూన్ 29, ఆదివారం
సాయంత్రం 6.10

అమ్మాయి వచ్చింది. బ్యాగు కింద పెట్టకుండానే లాప్‌టాప్ తెరిచింది.

"నాన్నా, ఇదేమిటి?"

సిద్ధం చేసుకున్నవన్నీ వరసగా చెప్పాను. మాస్టారి వయసు. ఓనరు నోరు. బైండరు నవ్వు. మామయ్య ఫోను. అన్నీ విని, ఒక్కటే అడిగింది.

"నొక్కే ముందు అక్కడ రాసింది చదివావా?"

చదవలేదు. నాకొచ్చిన విద్య ఒక్కటే, చదవకుండా దేన్నీ దాటనివ్వకపోవడం. ఇరవై రెండేళ్ళుగా దాని మీదే అన్నం తింటున్నాను. 412 పేజీల్లో ఒక గుడి తప్పితే పట్టుకుంటాను. మూడు వరుసలు చదవలేదు.

"నా ప్రాజెక్టు అందులో ఉంది నాన్నా."

"ఏం ప్రాజెక్టు తల్లీ?"

"నీ పాత ఫాంటును మామూలు అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాము. నువ్వు రాసిచ్చిన వరుసలన్నీ ఎక్కించాను. నీ ఫైళ్ళు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకోవాలని. శుక్రవారం మాస్టారి పుస్తకం మొదటి పేజీ వచ్చేసింది. ఇవాళొచ్చి నీకు చూపిద్దామనుకున్నా."

అరిచి ఉంటే బాగుండేది. గదిలోకి వెళ్ళి తలుపు మెల్లిగా దగ్గరికి వేసుకుంది.

పన్నెండో తేదీన బావమరిది గురించి నేను రాసుకున్న ప్రశ్న వెనక్కి తిప్పి చదువుకున్నాను. 'వాడికి చెయ్యి ఎలా వచ్చింది?' ఇలాగే వచ్చి ఉంటుంది. తేలిగ్గా.

బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఎవరికీ తెలియలేదనుకుంటున్నాను. బయటికి వచ్చేసరికి తలుపు పక్కన కుర్చీ మీద పొడి తువ్వాలు పెట్టి ఉంది. మా ఆవిడ పని.

జూన్ 30, సోమవారం

ఇంట్లో మాటల్లేవు. ప్రెస్సులో ఓనరు నా వీపు తట్టాడు. "అరవై పేజీలా! చూశావా, మనసు పెడితే అవుతుంది." ఆ వీపు ఇంకా మండుతోంది.

సాయంత్రం మా ఆవిడ ఫ్రిజ్ మీద చీటీ దగ్గర నిలబడింది. "రెండు రోజులు మిగిలి ఉండగానే పాడైంది" అంది. చీటీ మాత్రం తీయలేదు. నేను తీయమనలేదు.

నేను ఎంత వెధవనో రాయడానికి ఈ పేజీ చాలదు. రేపు రాస్తాను.

జూలై 1, మంగళవారం

రాయడానికి తీరిక లేదు!

ఉదయం 6.30. అమ్మాయి తలుపు తీసి "ఆ కాగితాలేవి నాన్నా?" అంది. రెండు రోజుల్లో నాతో మొదటి మాట. ఎక్కించడం అయిపోయిందని కాగితాలు బల్ల మీద వదిలేసిందట. నేను రాసిన పదకొండు కాగితాలు, 214 వరుసలు. ఇల్లంతా వెతికాం. పది దొరికాయి, వంటింటి సొరుగుల్లో చెంచాల కింద పరిచి ఉన్నాయి. "ప్రూఫు కాగితాలు మీరు పారెయ్యమనేవే కదండీ!" అంది మా ఆవిడ. పదకొండోది ఏ చెత్తలో కలిసిందో. కూర్చుని జ్ఞాపకం మీద మళ్ళీ రాశాను.

8.00. అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రాము పాత కాపీ ఒకటి ఉంది, ఇరవై రెండో తేదీది. సగం కూడా లేదు. ఆ ఫోల్డరు పేరు చూశాను. 'నాన్న'.

సాయంత్రం 5.30. కంపెనీకి ఫోన్ చేసింది. నేను కాదు, అమ్మాయి. ఇతరములు లైనే. మెషీను నంబరు అడిగారు, చెప్పింది. "మేము లినక్స్‌తో పంపిన మెషీనేనండీ, దానికి సరిపోయే కాపీ ఇస్తాం" అని పది నిమిషాల్లో లింకు పంపారు. అదే నేను వేసుకున్న లినక్స్ అయితే ఎవడు పలికేవాడు? ఈ మాట పైకి అనబోయి ఆగిపోయాను. నేను చెప్పింది నిజమే. చెప్పే అర్హతే పోయింది.

7.45. లినక్స్ తిరిగొచ్చింది. సౌండుతో సహా. ఆ కిటికీ పోయింది, నా అరవై పేజీలు ప్రెస్సు పెన్‌డ్రైవ్‌లో క్షేమంగా ఉన్నాయి. నాకు నష్టమేమీ జరగలేదు. అది ఇంకా సిగ్గుగా ఉంది.

జూలై 3, గురువారం

ప్రెస్సుకి సెలవు పెట్టాను. నేను చదవడం, అమ్మాయి ఎక్కించడం. "ఎఫ్ కీ, క. షిఫ్టు ఎఫ్, కా." మధ్యలో స్క్రీను ఏ ప్రశ్న అడిగినా నా వైపు తిరుగుతోంది.

"పైకి చదువు నాన్నా."

చదువుతున్నాను. ఒకటో క్లాసు పిల్లాడిలా, వేలు పెట్టి. అమ్మాయి ఎక్కించినవాటిలో పదిహేడు తప్పులు పట్టుకున్నాను. మెచ్చుకుంటుందేమోనని చూశాను. మెచ్చుకోలేదు.

సాయంత్రానికి గుణింతాలన్నీ అయ్యాయి. ఒత్తులు సగమే. ఇక టైము లేదు.

జూలై 4, శుక్రవారం

ఉదయం 9.00. ఉన్నంత వరకు అప్పగించింది.

జూలై 5, శనివారం

జాబితా పెట్టారు. పదిమంది. అమ్మాయి పేరు లేదు. పన్నెండో పేరట. ఒత్తులు రాని చోట్ల మార్కులు తీసేశారు. వచ్చే టర్ములో మళ్ళీ పెట్టుకోవచ్చన్నారట.

'వచ్చే టర్ము' అనే మాట అమ్మాయి చాలా మామూలుగా చెప్పింది. నాకు ముఖం చెల్లలేదు. క్షమించమని అడిగాను. తండ్రి హోదాలో, లెక్చరు ఏమీ లేకుండా, నిలబడి అడిగాను.

"సరేలే నాన్నా" అంది. 'సరే' వేరు, 'సరేలే' వేరు. తెలుసు నాకు.

సాయంత్రం నన్ను పిలిచి మాస్టారి పుస్తకం మొదటి పేజీ తెరిచింది. లినక్స్‌లో! డాలర్లు లేవు, టోపీలు లేవు. 'నేను పుట్టిననాడు మా ఇంట్లో దీపం లేదు.' ఒత్తులున్న మాటల్లో అక్కడక్కడా ఖాళీ గళ్ళు పడ్డాయి. పేజీలు కట్టడానికి ఇప్పటికీ ప్రెస్సుకే వెళ్ళాలి. కానీ అక్షరం మాత్రం ముసుగు లేకుండా, దాని సొంత ముఖంతో నిలబడింది. ఇరవై రెండేళ్ళలో నా పని నేను మొదటిసారి చూసినట్టుంది.

మిగిలిన ఒత్తులు నేనే ఎక్కిస్తానన్నాను. "పక్కన నేనుంటేనే" అంది.

జూలై 6, ఆదివారం
ఉదయం 6.10

నిర్ణయం అయిపోయింది. ఇక వెనక్కి తగ్గేది లేదు!

నాకంటూ ఒక లాప్‌టాప్ కొంటాను. కంపెనీవాడే లినక్స్ వేసిచ్చింది. దుకాణాలకు పోను. పర్లేదుగాడికి ఇప్పుడే ఫోన్ చేశాను.

"ఉంది బావా, ఒకటి వచ్చింది. సీలు కూడా విప్పలేదు. ఏం చెయ్యమంటావ్?"

"ముట్టుకోకు!"

"నేను ముట్టుకోనులే. నువ్వు ముట్టుకోకుండా ఎవరిని కాపలా పెట్టమంటావ్?"

వాడు నవ్వాడు. ఈసారి వాడికి ఆ హక్కుంది.

నియమాలు (అమ్మాయి చెప్పింది, నేను రాశాను):
1. సీలు అమ్మాయే విప్పాలి.
2. స్క్రీను ఏ ప్రశ్న అడిగినా నాన్న పైకి చదవాలి. ఇంట్లో ఇంకొకరు విన్నాకే నొక్కాలి.
3. రోజూ అరగంట, ఒత్తులు ఎక్కించాలి.
4. ఎవరు నవ్వినా సరే. (ఇది పాతదే. ఉంచమంది.)

మా ఆవిడ చీటీల కట్ట తీసింది. ఫ్రిజ్ వైపు వెళ్తుందనుకుని "ఈసారి ఎన్ని రోజులిస్తావ్?" అన్నాను. షాపు నుంచి తెచ్చిన చీటీల్లోంచి అచ్చు వేసినదే ఒకటి తీసి, దాని మీద ఒక మాట కొట్టేసి, పైన ఇంకో మాట రాసి, అమ్మాయి లాప్‌టాప్ మూత మీద అంటించింది.

దగ్గరికి వెళ్ళి, కొత్త నియమం ప్రకారం పైకి చదివాను.

"నాన్నకు అందనంత దూరంలో ఉంచవలెను."

కొట్టేసిన మాట 'పిల్లలకు'. వారం రోజుల తర్వాత అమ్మాయి నవ్వింది. ఆ చీటీ అక్కడే ఉండనిచ్చాను.